ఇంజనుకు అభ్యంగనం

పండుగనాడు తలంటి పోసుకోకుండా కొత్తబట్టలు కట్టుకునేవారు మనలో ఉండరు. ముందు నూనె, నలుగుపిండి, పిమ్మట కుంకుడురసం, ఒళ్ళు తుడుచుకున్న తర్వాతనే కొత్త పంచె. ఈ వరుస మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాని అదే ఇంటి షెడ్డులో నిలిచి ఉన్న పాతకారు సంగతి వచ్చేసరికి చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. బానెట్టు ఎత్తితే ఇంజను జిడ్డోడుతూ కనిపిస్తుంది. బజారుకు వెళ్ళి ఒక డబ్బా రంగు తెచ్చి, పైపైన తడిగుడ్డతో తుడిచి పూసేస్తారు. నాలుగు రోజులు కళకళలాడుతుంది. అయిదవ రోజున ఆ రంగు కింద నుంచి నూనె ఊరుతుంది. నెల తిరగకముందే రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

రంగు పోతే పోయింది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. ఇంజను మీద జిడ్డు ఊరికే పట్టదు. ఎక్కడో ఒకచోట నూనె కారితేనే జిడ్డు. ఎక్కడో నీరు ఊరితేనే ఆ తెల్లటి చార. అంటే ఆ మకిలి అంతా లోపలి జబ్బుకు సాక్ష్యమన్నమాట. సాక్ష్యాన్ని చదవకుండా కడిగివేసినా, దానిమీద రంగు పూసినా, జబ్బు ఏదో తెలియకుండా పోతుంది. ఆ తర్వాత ఎవరో వచ్చి, "ఇంజను బోరుకు వచ్చిందండీ, ఇక లాభం లేదు" అంటే, అవునో కాదో చెప్పగల ఆధారం మన చేతిలో ఉండదు. తాతగారి నాటి బండి పాత ఇనుము కింద తూకానికి వెళ్ళిపోతుంది. తీరా చూస్తే అందులో చెడింది ఒక బెండు గాస్కెట్టే అయి ఉండవచ్చు!

కనుక ఈ పనికి ఒకే సూత్రం. ముందు చూపు, తర్వాత స్నానం, ఆపైన మరమ్మతు, చిట్టచివర రంగు. తీరికగా మూడు ఆదివారాలు కేటాయించగలిగితే, ఇంజనును బండిలోనుంచి దింపకుండానే, ఇంటి ఆవరణలోనే ఈ పని చాలావరకు చేసుకోవచ్చు.

మన పాత చుట్టం

మన ప్రాంతాల్లో ఇట్లా షెడ్లలో మిగిలి ఉన్న కార్లలో మొదట చెప్పుకోవలసింది అంబాసిడరు. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిగా పుట్టిన కారు ఇది. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్సు సంస్థ దీనిని పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి తయారుచేసింది. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. అర్ధశతాబ్దానికి పైగా మంత్రిగారికీ, డాక్టరుగారికీ, పెళ్ళివారికీ, టాక్సీ డ్రైవరుకూ ఒకే తీరున సేవచేసిన బండి మరొకటి మనకు లేదు.

1959లో దీనికి 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను అమర్చారు. వాల్వులు తలమీద ఉండే రకం. బ్రిటిష్ మోటారు కార్పొరేషను వారు "బి శ్రేణి" అని పిలిచిన ఇంజను ఇదే. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే పరుగుల కారులో ఉన్నది కూడా ఈ కుటుంబానికి చెందిన 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజనే. పొలాల గట్లవెంట నింపాదిగా నడిచిన మన అంబాసిడరూ, ఆ షోకిలా బండీ ఒక తల్లి బిడ్డలే!

ఈ ఇంజనులో బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. మొరటుది, బరువైనది, ఓర్పుగలది. బానెట్టు కింద చేయి ఆడించడానికి చోటుంటుంది. కంప్యూటరు పెట్టెలు లేవు. నాలుగు స్పానర్లు పట్టడం వచ్చిన ఇంటి మనిషికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకదు. కింద చెప్పబోయే వివరాలు ఈ ఇంజనును దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, పద్ధతి మాత్రం ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డు వంటి తక్కిన పాతబండ్లకూ వర్తిస్తుంది.

మొదటి ఆదివారం: చూపు

చేతిలో గుడ్డ పట్టుకోకండి. టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, ఫొటో తీయగల సెల్‌ఫోను పట్టుకోండి. ఇంజనును నాలుగు వైపుల నుంచీ, పైనుంచీ ఫొటోలు తీయండి. ఏ తీగ ఎక్కడ తగిలించి ఉందో, ఏ గొట్టం ఎటు పోతుందో రేపు మరచిపోయినపుడు ఈ ఫొటోలే గురువులు. ప్లగ్గుల తీగలకు 1, 2, 3, 4 అని చిన్న చీటీలు అంటించండి. ఈ ఇంజను పేలే వరుస 1-3-4-2. తీగలు తారుమారైతే బండి కదలదు సరికదా, కార్బురేటరులోనుంచి ఠప్పున తిరగదన్నుతుంది.

ఇక మరకలు చదవండి. ఎండి, దుమ్ముతో గట్టిపడిన జిడ్డు పాతది. తడిగా మెరిసేది నేటిది. నూనె ఎప్పుడూ కిందికి, ఫ్యాను గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి తడి మొదలైన అన్నిటికంటె పై చోటు, అన్నిటికంటె ముందు చోటు వెతకండి. దొంగ అక్కడ ఉంటాడు.

రాకరు కవరు అంచున తడి ఉంటే బెండు గాస్కెట్టు గట్టిపడిందన్నమాట. ఇంజను పక్కన, మానిఫోల్డు కింది భాగాన, టాపెట్ల మూతలు రెండు ఉంటాయి. వాటి గాస్కెట్లు కూడా ఇట్లాగే కారుతాయి. అక్కడి నూనె బ్లాకు వెంబడి జారి అడుగున చేరితే, అడుగు పళ్ళెమే కారుతున్నదని భ్రమ కలుగుతుంది. ఇంజను వెనుక కొసన, క్లచ్చు గంట కింద, ఒకటి రెండు చుక్కలు కారడం మాత్రం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. క్రాంకు వెనుక కొసన దీనికి రబ్బరు సీలు లేదు. మరచుట్టవంటి గాడి ఒకటి నూనెను వెనక్కు తోస్తూ ఉంటుంది. ఇంజను ఆగితే ఆ గాడి పనీ ఆగిపోతుంది. ఆ రెండు చుక్కలకోసం ఇంజను దింపించడం దండగ.

నీటి గొట్టాల మూతుల దగ్గర తెల్లటి చారగాని, పచ్చటి చారగాని ఉంటే అక్కడ నీరు ఊరుతున్నది. నూనె పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. మీగడవంటి పదార్థం పేరుకుని ఉంటే నూనెలో తేమ కలిసింది. బండి ఎప్పుడూ వీధిచివరి దాకా పోయి తిరిగివచ్చేదైతే, ఇంజను సరిగా వేడెక్కక కొంచెం మీగడ పట్టడం సహజం. కాని నూనె కొలిచే పుల్లకు కూడా అదే మీగడ అంటుకుని వస్తే, రేడియేటరులో నీరు తరుగుతూ ఉంటే, హెడ్డు గాస్కెట్టును శంకించాలి.

ప్లగ్గులు నాలుగూ తీసి వరుసగా కాగితం మీద పెట్టండి. కొస బిస్కట్టు రంగులో ఉంటే ఆరోగ్యం. పొడిమసి పట్టితే పెట్రోలు ఎక్కువవుతున్నది. నూనెతో తడిసి నల్లగా ఉంటే ఆ సిలిండరులోకి నూనె చేరుతున్నది. బండి నడిచే స్థితిలో ఉంటే పొగ కూడా ఇదే కథ చెపుతుంది. నీలిపొగ నూనెది, నల్లపొగ పెట్రోలుది. ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కూడా తెరలు తెరలుగా తెల్లపొగ వస్తూ ఉంటే అది నీటిది. అన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఇపుడు కడగడానికి మీకు అర్హత వచ్చింది.

అభ్యంగన స్నానం

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. బాటరీ తీగలు తీసేయాలి. బండి ఇనుముకు తగిలించిన తీగను ముందు తీయడం నియమం. పాతకాలపు బ్రిటిష్ పద్ధతి బండ్లలో అది ధనధ్రువపు తీగ కూడా కావచ్చును కనుక గుర్తును చూసి తీయండి. కార్బురేటరు నోటికి, డిస్ట్రిబ్యూటరుకు, కాయిలుకు, డైనమోకు, సెల్ఫుకు ప్లాస్టిక్ సంచులు తొడిగి దారంతో కట్టండి. ప్లగ్గులు వాటి స్థానాల్లో బిగించండి, లేకపోతే ఆ రంధ్రాలగుండా మకిలి లోపలికి పోతుంది. బండి కింద వెడల్పాటి రేకు పళ్ళెం పెట్టి, చుట్టూ రంపపు పొట్టు చల్లండి.

పేరుకున్న జిడ్డును మొదట చెక్క పేడుతో గీకండి. ఇనుప ఉలి పెడితే లోహానికి గాట్లు పడతాయి. తర్వాత కిరసనాయిలు. రేషనుషాపుల్లో కిరసనాయిలు వెనుకటి రోజుల్లో మాదిరి దొరకడం లేదు కనుక డీజిలుతోనైనా సరిపెట్టుకోవచ్చు. బజారులో ఇంజను జిడ్డును వదిలించే ద్రవాలు కూడా దొరుకుతున్నాయి. గట్టి బ్రష్షుతో పూసి పావుగంట నాననివ్వండి. మళ్ళీ బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళు చెంబుతోనో, నెమ్మదిగా వచ్చే గొట్టంతోనో పోయండి. సర్వీసు స్టేషనులో మాదిరి పెద్ద ఒత్తిడితో నీళ్ళు కొట్టకండి. ఆ నీరు సీళ్ళను దాటి, కరెంటు తీగల సందుల్లోకి దూరి, ఆరు నెలల తర్వాత పగ తీర్చుకుంటుంది. కాస్టిక్ సోడా వాడకండి. అల్యూమినియపు భాగాలను అది తినివేస్తుంది.

ఒక హెచ్చరిక. కొందరు పెట్రోలుతో కడుగుతారు. తొందరగా వదులుతుందన్న మాట నిజమే, కాని అది నిప్పుతో చెలగాటం. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే సుమారు 40 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. పైగా అది గాలికంటె బరువు కనుక నేలవెంట పాకిపోయి ఎక్కడో వంటింటి పొయ్యిని చేరుకోగలదు. మన ఎండాకాలంలో కిరసనాయిలును కూడా నమ్మరాదు. చుట్ట, సిగరెట్టు, దీపం దరిచేరనీయకండి. బక్కెట్టెడు ఇసుక, వీలయితే పొడి చల్లే అగ్నిశామక యంత్రం దగ్గర ఉంచుకోండి. నూనెమంటమీద నీళ్ళు పోయరాదు.

కడిగిన మడ్డిని కాలువలో గాని, బావిగట్టున గాని పారబోయకండి. పాత నూనెను డబ్బాలో పోసి, దానిని సేకరించేవారికి అప్పగించండి. రేడియేటరులోని రంగునీళ్ళు ఇంకా ప్రమాదం. వాటి రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాలు ప్రాణాంతకమైన విషం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ గిన్నెను ఒక్క నిమిషం కూడా వదలి పోకూడదు.

రెండవ ఆదివారం: మరమ్మతు

కడిగిన ఇంజను ఒంటిమీద గాయాలు ఇపుడు స్పష్టంగా కనిపిస్తాయి. అన్నిటికంటె ముందు చూడవలసింది పెట్రోలు గొట్టాలు. దీనికి ఒక కారణం ఉంది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలులోకి వచ్చింది. మన పాతకార్లలోని రబ్బరు ఆ మిశ్రమాన్ని ఉద్దేశించి చేసింది కాదు. గొట్టాలు మెత్తబడతాయి, ఉబ్బుతాయి, పగుళ్ళు బారుతాయి. పెట్రోలు పంపులోని పొర కూడా అంతే. గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, వంచితే పగుళ్ళు కనిపించినా, పెట్రోలు వాసన కొట్టినా మారు ఆలోచన వద్దు. ఇథనాలుకు తట్టుకునే కొత్త గొట్టాలు వేయించండి. కాలే మానిఫోల్డు మీద ఒక్క పెట్రోలు ధార పడితే కారూ మిగలదు, షెడ్డూ మిగలదు.

రెండవది ఊపిరిగొట్టం. ఇంజను లోపల పుట్టే ఆవిరులు పోవడానికి ఒక దారి ఉంటుంది. అది మసితో పూడుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, ప్రతి సందులోనుంచీ నూనెను బయటికి నెడుతుంది. అప్పుడు ఎన్ని గాస్కెట్లు మార్చినా నూనె ఆగదు. ఆ గొట్టాన్ని కిరసనాయిలులో కడిగి ఆరబెట్టడానికి కానీ ఖర్చు లేదు.

ఆ తర్వాత రాకరు కవరు. దానిని పట్టి ఉంచేవి రెండే నట్లు. కొత్త బెండు గాస్కెట్టు వేసి, నట్లను చేతికి బిగువు తగిలేవరకు తిప్పి, స్పానరుతో ఓ చిన్న మలుపు. గట్టిగా బిగిస్తే నూనె ఆగుతుందనుకోవడం పొరపాటు. రేకు వంగి, బెండు చిట్లి, ఇంకా ఎక్కువ కారుతుంది. పాత గాస్కెట్లను గీకేటపుడు ముందు నీళ్ళతో తడపండి. హెడ్డు గాస్కెట్లలో, మానిఫోల్డు గాస్కెట్లలో, క్లచ్చు పలకల్లో ఆస్బెస్టాసు అనే రాతినార ఉండవచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు చేటు. గాలి కొట్టడం, పొడిగా రుద్దడం కూడదు.

తొమ్మిది లెక్క

కవరు తీసి ఉన్నపుడే టాపెట్ల సందులు చూసుకోవాలి. ఎనిమిది వాల్వులకు రేడియేటరు వైపు నుంచి 1 మొదలు 8 వరకు అంకెలు వేసుకోండి. ప్లగ్గులు తీసి ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పండి. 8వ వాల్వు స్ప్రింగు పూర్తిగా అణిగినపుడు 1వ వాల్వు సందు చూడాలి. 6 అణిగితే 3, 4 అణిగితే 5, 2 అణిగితే 7. ఎటు తిప్పినా రెండంకెల మొత్తం తొమ్మిదే. ఎక్కాలు నేర్చుకునే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే లెక్క వాడే చెపుతాడు. సందు సాధారణంగా అంగుళంలో వెయ్యవవంతులు 15. అయినా మీ బండి పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఈ అంకెను నోటుపుస్తకంలో రాసి ఉంచడం ముఖ్యం. 2000 సంవత్సరంలో మన దేశమంతటా పెట్రోలులోనుంచి సీసం తొలగించారు. ప్రజారోగ్యానికి అది గొప్ప మేలు. కాని పాత ఇంజన్లలో ఆ సీసం వాల్వు పీటలకు మెత్తలాగా పనిచేసేది. గట్టి పీటలు లేని పోత ఇనుప హెడ్డులో పొగ వాల్వు కొట్టుకుని కొట్టుకుని పీటలోకి దిగబడుతుంది. దిగబడినకొద్దీ టాపెట్టు సందు తగ్గిపోతుంది. మీరు సరిచేసిన సందు కొద్ది నెలలకే తగ్గుతూ వస్తుంటే ఆ జబ్బు మొదలైనట్టే. అపుడు హెడ్డు విప్పించి గట్టి పీటలు వేయించాలి.

నీటి సంగతి కూడా చూడండి. రేడియేటరు పక్కన ఒక మూతలో థర్మోస్టాటు అనే చిన్న బిళ్ళ ఉంటుంది. "మన ఎండలకు ఇదెందుకండీ" అని దానిని పీకి పారేయడం కొందరు మెకానిక్కులకు అలవాటు. అది లేకపోతే ఇంజను కావలసిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాటును దారంతో కట్టి, అడుగు తగలకుండా, పాత గిన్నెలోని నీళ్ళలో వేలాడదీసి కాచండి. దానిమీద అచ్చువేసిన వేడి దగ్గర నోరు తెరిస్తే మంచిదే. నీళ్ళు మరిగినా తెరవకపోతే మార్చండి. ఆ గిన్నె తిరిగి వంటింట్లోకి పోరాదని వేరే చెప్పనక్కరలేదు!

తీర్పు చెప్పే పరీక్ష

ఇపుడు అసలు ప్రశ్న. ఇంజను నిజంగా బోరుకు వచ్చిందా? దీనికి ఒకరి మాట అక్కరలేదు. కంప్రెషను కొలిచే గడియారం ఒకటి దొరుకుతుంది. దానిని అరువు తెచ్చుకున్నా చాలు. ఇంజను వేడిగా ఉన్నపుడు ప్లగ్గులు నాలుగూ తీసి, కాయిలు తీగ విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కొక్క సిలిండరులో గడియారం బిగించి సెల్ఫు తిప్పండి. నాలుగు అంకెలూ రాసుకోండి. అన్నీ పుస్తకంలోని అంకెకు దగ్గరగా ఉండి, వాటిలో వాటికి పదవవంతు లోపు తేడా ఉంటే ఇంజను గట్టిదే.

ఏదైనా ఒకటి బాగా తక్కువగా ఉంటే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజను నూనె పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే పిస్టను రింగులు, బోరు అరిగాయి. నూనె వాటి సందులు పూడ్చింది కనుక పెరిగింది. పెరగకపోతే లోపం పైన, వాల్వుల దగ్గర. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే, వాటి నడుమ హెడ్డు గాస్కెట్టు కాలి ఉండవచ్చు. రింగులకూ, గాస్కెట్టుకూ ఖర్చులో హస్తిమశకాంతరం ఉంది. బండిని ఉంచుకోవాలా, అమ్మాలా అనే మాట ఈ నాలుగు అంకెలు చూసిన తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసిన మాట. చూడకముందు కాదు.

బోరు చేయించడం, క్రాంకు సాన పట్టించడం, హెడ్డు ముఖం చదును చేయించడం ఇంటిపనులు కావు. అవి లేతు మిషను దగ్గర నైపుణ్యం ఉన్నవారు చేయవలసినవి. విజయవాడ ఆటోనగరులాంటి చోట్ల ఆ పనిలో చేయితిరిగిన వారున్నారు. అయితే మీ నోటుపుస్తకం పట్టుకుని వెళితే, అక్కడి సంభాషణ వేరుగా ఉంటుంది. "ఏమయిందో చూడండి" అని అడిగేవానికీ, "మూడవ సిలిండరులో వాల్వు పట్టడంలేదు" అని చెప్పేవానికీ తేడా లేదా?

మూడవ ఆదివారం: రంగు

మరమ్మతులయ్యాక కనీసం వారం రోజులు బండి నడపండి. రాత్రిళ్ళు ఇంజను కింద పాత దినపత్రిక ఒకటి పరచండి. పొద్దున్నే పత్రిక చదవడం మనకు అలవాటే గదా, ఇదీ చదవండి. చుక్క ఎక్కడ పడిందో దానికి సరిగ్గా పైన చూస్తే జాడ తెలుస్తుంది. వెనుక కొసన పడే ఆ పుట్టుక చుక్కలు తప్ప పత్రిక శుభ్రంగా ఉన్ననాడు రంగు డబ్బా మూత తీయవచ్చు.

రంగు పట్టేది లోహానికే గాని జిడ్డుకు కాదు. వదులైన పాత రంగును, తుప్పును ఇనుపతీగల బ్రష్షుతో, ఎమరీ కాగితంతో తీయండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక తడిపి రుద్దడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం మంచిది. తర్వాత శుభ్రమైన తెల్లగుడ్డను థిన్నరులో తడిపి తుడవండి. గుడ్డకు నలుపు అంటినంతకాలం మళ్ళీ మళ్ళీ తుడవవలసిందే. గుడ్డ తెల్లగా వచ్చిన తర్వాత ఆ చోటును చేత్తో తాకకండి. వేలి చెమట కూడా జిడ్డే.

ఏ రంగు? బ్లాకుకు, రాకరు కవరుకు వేడిని తట్టుకునే ఇంజను ఎనామెలు వాడాలి. తలుపులకు వేసే రంగు మాడి పసుపెక్కుతుంది. పొగ మానిఫోల్డు సంగతి వేరు. దాని వేడి కొన్ని వందల డిగ్రీలు. సైలెన్సర్లకోసం చేసే సిలికోను రంగు తప్ప మరేదీ అక్కడ నిలవదు. అదీ కుదరకపోతే శుభ్రంచేసి వదిలేయడమే మర్యాద. అసలు రంగు ఏదో తెలియాలంటే డైనమో బిగించే కమ్మీ వెనుక, ఎండ తగలని మూలల్లో చూడండి. కొత్తగా ఎంచుకోదలచుకుంటే లేత రంగే మేలు. రేపు నూనె కారితే వెంటనే కనిపిస్తుంది. నల్లరంగు తప్పును దాచిపెడుతుంది.

రంగు తగలకూడని చోట్లకు కాగితం, టేపు అంటించండి. రబ్బరు గొట్టాలు, బెల్టు, ప్లగ్గులు, కరెంటు తీగలు, గాస్కెట్టు కూర్చునే ముఖాలు, బాటరీ తీగ ఇంజనుకు తగిలే చోటు. ఈ చివరిదానిమీద రంగు పడితే కరెంటు సరిగా పారక సెల్ఫు మూలుగుతుంది. వానాకాలపు ముసురులో రంగు వేయవద్దు. గాలిలోని తేమ రంగు మీద తెల్లని మసకగా దిగుతుంది. పొడిరోజు చూసి, పలుచగా ఒక పూత, ఆరిన తర్వాత మరొకటి, అవసరమైతే మూడవది. ఒకేసారి మందంగా వేస్తే కన్నీళ్ళలా కారుతుంది. షెడ్డు తలుపులు బార్లా తెరచి ఉంచండి.

రంగు బాగా ఆరిన తర్వాత బండిని ఆరుబయటికి తెచ్చి ఇంజనును నడపండి. మూసిన షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాపాయం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. హ్యాండిలు వేసి తిప్పదలచుకుంటే బొటనవేలిని తక్కిన వేళ్ళ వైపే ఉంచి, కింది నుంచి పైకి లాగండి. బొటనవేలు చుట్టి పట్టుకుంటే ఇంజను ఎదురుతన్నినపుడు మణికట్టు విరగవచ్చు.

నంబరు జాగ్రత్త

రంగు ఉత్సాహంలో చాలామంది మరచిపోయేది ఇంజను నంబరు. బ్లాకు మీద ఉన్న ఆ అంకెలను ఎమరీ కాగితంతో అరగదీయకండి, మందపు రంగుతో పూడ్చకండి, నంబరు రేకును పీకకండి. మన దేశంలో సొంతకారు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తర్వాత బండి యోగ్యతను పరీక్షించి, అయిదేళ్ళకొకసారి పొడిగిస్తారు. ఆ సమయంలో కాగితాల మీది నంబరూ, బండి మీది నంబరూ సరిపోవాలి. చెరిగిపోయిన నంబరు దొంగబండి అనే అనుమానానికి తావిస్తుంది.

50 ఏళ్ళు దాటిన బండ్లకు మరొక మార్గం ఉంది. వాటిని వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవడానికి 2021లో కేంద్రప్రభుత్వం నిబంధనలు చేసింది. అట్లాంటి బండిని రోజువారీ పనులకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే తీసుకుపోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజనులను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో కాపాడి ఉండాలన్నది అందులో ప్రధాన నియమం. తొందరపడి పాత ఇంజను తీసి వేరొకటి బిగించినవారికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఉన్న ఇంజనునే ఓపికగా బాగుచేసుకున్నవారికి తెరచి ఉంటుంది.

ఇంతా చేసి, ఈ మూడు ఆదివారాల్లో మిగిలేది మెరిసే ఇంజను ఒక్కటే కాదు. ఆ నోటుపుస్తకం కూడా. ఏ గాస్కెట్టు ఏనాడు మార్చారు, టాపెట్ల సందు ఎంత, నాలుగు సిలిండర్ల అంకెలెన్ని అన్నది అందులో ఉంటుంది. బండి కాగితాలతో పాటు దానిని కూడా భద్రపరచండి. రేపు బండిని మీ అబ్బాయి నడిపినా, అమ్మాయి నడిపినా, లేక మంచి ధరకు మరొకరు కొనుక్కుపోయినా, రంగు కంటె ఎక్కువ విలువ ఆ పుస్తకానికే ఉంటుంది.